నాలుగింటికి పులిసే కోరిక

కుడిచెయ్యి ఎత్తాలన్న పరశురాములు కోరిక ఫ్రిజ్‌లో లేదు.

టైము పదకొండూ పది. పొద్దున ఏడింటికి స్టీలు డబ్బాలో తడిగుడ్డ చుట్టి నేనే పెట్టాను. డబ్బా ఉంది. గుడ్డ ఉంది. గుడ్డకు తడి కూడా ఉంది. తాటిముంజంత పరిమాణంలో, ముంజలాగే లోపలి వెలుగు బయటికి కనిపించే ఆ కోరిక మాత్రం లేదు. సాయంత్రం నాలుగింటికి అది పులిసిపోతుంది. పులిసిన కోరికను తిరిగి మనిషి తలలో పెడితే చెయ్యి లేవదు, కడుపులో మంట వస్తుంది. ఇంతకుముందు ఆరుగురికి వచ్చింది.

ఇది నాడీ ఇంజనీరింగ్ ల్యాబ్. మెదడులో పుట్టే కోరికను సన్నటి సూదుల ద్వారా బయటికి తీసి, కడిగి, తూచి, చచ్చుబడిన చేతికి అందించడం మా పని. అలాగని గోడ మీద రాసి ఉంది. తీయడం, కడగడం, తూచడం ఇరవై ఏళ్లుగా నడుస్తున్నాయి. అందించడం గురించి పేపర్లు రాస్తాం.

"దొరికిందా బిడ్డా?" అంటాడు పరశురాములు, మంచం మీది నుంచి.

"వెతుకుతున్నాం."

"ఎన్కట దేవులాడుతున్న అనేదానివి. గిప్పుడు వెతుకుతున్నవు. ఫ్రిజ్ గంత పెద్దదా?"

పరశురాములు గీత కార్మికుడు. జనగామ అవతల తాటిచెట్టు మీది నుంచి పడి పదకొండేళ్లు. మెడ కింద ఏదీ కదలదు. మెడ పైన నోరు కదులుతుంది, అది అవసరానికి మించి కదులుతుంది. ఆయన ముక్కు మీద పదకొండేళ్లుగా ఒకటే ఈగ కూర్చుంటోంది. ఎడమ రెక్క అంచు చిరిగిన ఈగ. మా ల్యాబ్‌లో దానికి ఐడీ కార్డు కూడా ఇచ్చారు, ఫోటో కొంచెం మసకగా వచ్చింది. దండం పెట్టడానికో, ఓటు వేయడానికో పరశురాములుకు చెయ్యి అక్కర్లేదు. తన చేత్తో తాను ఆ ఈగను కొట్టాలి, అంతే. ఎనిమిది నెలలు ప్రయత్నించాక ఈ పొద్దున ఆ కోరిక తొంభై ఆరు సూదుల్లోంచీ ఒక్కసారిగా దిగింది.

వెంటనే తిరిగి పెట్టాల్సింది. కానీ మా దగ్గర కోరికను తీయడానికి అనుమతి అక్కర్లేదు, పెట్టడానికి కావాలి. ఆ ఫారం కోసం నేను మూడు గంటలు మూడు బల్లల ముందు నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీ.

ఇప్పుడు గమనిస్తాను. పరశురాములు ముక్కు కూడా ఖాళీగా ఉంది.

"ఈగ ఏది?"

"పొద్దుగాల్నే పోయింది. మీ డబ్బా మూత ఎవలో తీసిన సప్పుడైంది, మనిషి నాకు కనవడలే, దాని ఎన్కనే ఈగ లేసిపోయింది. పదకొండేండ్ల సోపతి, ఒక్క మాట గూడ జెప్పలే."

సెక్యూరిటీ ఆఫీసర్ బాలస్వామి వస్తాడు. పోలీసులో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాడు. చంకలో ఫారాల కట్ట, చేతిలో కుక్క గొలుసు. కుక్క ఫ్రిజ్ వంక చూసి, మొహం తిప్పుకుని, గోడ మూలను శ్రద్ధగా వాసన చూస్తుంది.

"పీహెచ్‌డీ జేసిన కుక్క మేడమ్" అంటాడు బాలస్వామి. "ఫినాయిల్ మీద. అండ్ల గూడ ఒక్క కంపెనీదే. మిగతా వాసనలు తన సబ్జెక్టు గాదంటది."

ఆయన డబ్బా పైకెత్తి చీటీ చదువుతాడు. చీటీ నా చేతిరాతే. మా ల్యాబ్ పద్ధతి ప్రకారం నాలుగు పేర్లు రాశాను. మొదట సార్. తరువాత మేడమ్, అంటే సార్ భార్య, ఆమె ఈ బిల్డింగ్ ఇంతవరకు చూడలేదు. తరువాత పెద్ద సార్, అంటే సార్‌కు సార్. చివర చుక్క గుర్తు పెట్టి కృపావతి, అంటే నేను. కింద చిన్న అక్షరాల్లో ఏడో నంబరు సబ్జెక్టు.

"గిండ్ల పేషెంటు పేరేది?"

"పేషెంటు పేరు రాయం."

"అట్లయితే ఇది ఆయన మాల్ గాదు. ఆయన మాల్ గానప్పుడు పోయినట్టెట్ల?"

"కోరిక ఆయనది."

"ఏమో మేడమ్, చీటీ మీద సారని ఉన్నది. ఏ సారు? ఈ బిల్డింగ్‌ల నూట పద్నాలుగు మంది సార్లున్నరు." ఫారంలో ఒక గడి మీద వేలు పెడతాడు. "ఈడ దొంగ పేరు రాయాలె. సారని రాస్తే కుదరదు. పేరు గట్టిగ పిలువాలె. పిలిస్తే పలికినోడే దొంగ. చట్టం గింతే."

మా ల్యాబ్‌లో సార్ పేరు ఎవరూ పలకరు. ఇది నియమం కాదు, నియమమైతే ఎవరో ఒకరు తప్పేవారు. ఇరవై ఏళ్లుగా పలకక పలకక పేరు ఎండిపోయింది. తలుపు మీది ఇత్తడి పలక నున్నగా ఉంటుంది. జర్నల్లో ఆయన పేరు ఉండాల్సిన చోట సార్ అనే అచ్చవుతుంది, ప్రూఫులు దిద్దేవాళ్లకూ అది తప్పుగా కనిపించదు.

నేను సార్ గదికి వెళ్తాను.

గది ముందు వరుస ఉంది. పొద్దున నుంచి సార్ కుడిచెయ్యి పైకి లేచి ఉందట, దిగడం లేదట. చూసినవాళ్లు అది ఆశీర్వాదం అనుకుని కాళ్లకు దండం పెట్టి పోతున్నారు. ఇద్దరు డీన్లు రెండోసారి వరుసలో నిలబడ్డారు. ఒకాయన ఇంటి నుంచి అత్తగారిని కూడా తెచ్చాడు.

నా వంతు వచ్చేసరికి పన్నెండున్నర. సార్ కుర్చీలో ఉన్నారు. చెయ్యి నిటారుగా ఉంది, పిడికిలి బిగిసి ఉంది, వేళ్ల సందుల్లోంచి ముంజ రంగు వెలుగు కారుతోంది. సార్ ముక్కు మీద ఎడమ రెక్క చిరిగిన ఈగ కూర్చుని ఉంది. మెడలో ఐడీ కార్డు వేసుకుంది.

"ఏమ్మా కృపా, భోంచేశావా?"

"లేదు సార్."

"చెయ్యకు. ఆకలి మీద చేసిన పరిశోధనే నిలబడుతుంది."

"సార్, మీ ముక్కు మీద ఈగ."

"అతిథమ్మా. పొద్దున వచ్చింది. చెయ్యి దాని కోసమే లేచింది. కానీ నేను కొట్టను. నాది కరుణ."

"మూడున్నరకు ఢిల్లీ కమిటీ వస్తుంది కదా సార్. చచ్చుబడిన చెయ్యి లేవడం చూపించాలి."

"చూపిస్తాను. ఇదిగో, లేచింది."

"ఇది మీ చెయ్యి సార్."

"ఇరవై ఏళ్లుగా ఈ చేత్తో నేను ఏ పనీ చెయ్యలేదమ్మా" అంటారు సార్, ఎంతో వినయంగా. "చచ్చుబడినట్టే లెక్క."

బల్ల మీద నా థీసిస్ ఉంది. మూడు వందల పన్నెండు పేజీలు, ఐదేళ్లు. ఒక్క సంతకం తక్కువ. సార్ ఎడమ చేత్తో దాన్ని నిమురుతారు, కుక్కపిల్లను నిమిరినట్టు.

"నాలుగు దాటితే చెయ్యి దానంతటదే దిగుతుంది. దిగగానే మొదటి సంతకం దీని మీదే."

"నాలుగు దాటితే కోరిక పులిసిపోతుంది సార్."

"పులిస్తే పులిసింది. ఎనిమిదో నంబరును పిలుద్దాం. మనకు తాటిచెట్లకేం తక్కువ?"

"సరే సార్" అంటాను. ఆ మాట నేను అనుకోకముందే వచ్చేసింది, చెప్పుల జతలా గడప దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట.

సార్ చెయ్యి ఇంకా పొడుగవుతోంది, పిడికిలి సీలింగ్ ఫ్యానుకు తగులుతుంది. ఒక డీన్ పరుగున వెళ్లి ఫ్యాన్ ఆపి, ఆ పుణ్యానికి మళ్లీ దండం పెడతాడు.

తిరిగి ల్యాబ్‌కు వస్తాను. ఒకటిన్నర. పరశురాములు నా అడుగుల చప్పుడు విని కళ్లు తిప్పుతాడు.

"ఎవలు తీసిన్రో తెల్సినట్టుంది. నీ నడక జెప్తున్నది."

"తెలిసింది."

"ఎవలు?"

నోరు తెరుస్తాను. "సార్" అని వస్తుంది.

"ఏ సారు?"

"సార్."

"ఓ బిడ్డా, పుట్టంగనే సారని పుట్టిండా? వాళ్లమ్మ బువ్వకు పిల్వలేదా, ఓ సారూ రా అని పిల్సిందా?"

మూడోసారి ప్రయత్నిస్తాను. మూడోసారీ అదే. నా నాలుక ఆ ఒక్క మాట ఆకారానికి అరిగిపోయింది, ఒకే తాళానికి పనికొచ్చే చెవిలా.

పరశురాములు అంటాడు, "పొద్దుగాల దించిన కల్లు తియ్యగుంటది. పొద్దు తిరిగినంక నురుగు కడుతది. అటెన్క ఎవలు దాగినా తలనొప్పే. నా కోరిక గూడ గిప్పుడు నురుగు కడుతున్నది, నాకు తెలుస్తున్నది." గొంతు సవరించుకుంటాడు. "నువ్వు ఈడికి మొదాలు వచ్చెటప్పుడు ఓ కాయితం రాసినవు. పోస్టులెయ్యకముందు నాకు సదివి ఇనిపించినవు. అండ్ల వాని పేరు రాసినవు. నాకు యాదికి లేదు. కాయితానికి ఉంటది గదా."

ఉంటుంది. ఆ కాగితం నా మొదటి సంవత్సరంలో ఉంది.

మా కారిడార్‌ను ఏటేటా పొడిగిస్తారు. పీహెచ్‌డీకి ఎన్నేళ్లయితే అన్ని గదులు, ఒక్కో గదిలో ఆ ఏటి మనిషి. ఎవరినీ ఖాళీ చేయించరు. గడియారం చూసుకుని వెనక్కి నడవడం మొదలుపెడతాను.

నాలుగో సంవత్సరం గదిలో నేను థర్మకోల్‌తో మెదడు చేస్తున్నాను. సార్ అబ్బాయికి ఏడో తరగతి సైన్స్ ప్రాజెక్టు. ఈ ల్యాబ్‌లో ఇంతవరకు తయారైన వాటిలో పూర్తయిన మెదడు అదొక్కటే. దానికి జిల్లా స్థాయిలో బహుమతి వచ్చింది.

"పేరు గుర్తుందా?" అని అడుగుతాను.

"సార్" అంటుంది, తల ఎత్తకుండా.

మూడో సంవత్సరం గదిలో నేను సార్ ప్రసంగం రాస్తున్నాను. రోగి పట్ల కృతజ్ఞత అనే మాట దగ్గర ఆగి, కొట్టేసి, సంస్థ పట్ల కృతజ్ఞత అని దిద్దుతున్నాను. ఆమెను అడగను. ఆమె దస్తూరీ చూస్తేనే తెలుస్తుంది.

రెండో సంవత్సరంలో నేను సార్ ఫోటో కోసం ఎలక్ట్రోడు పట్టుకుని నిలబడి ఉన్నాను. పత్రికలో ఫోటో వచ్చి మూడేళ్లయింది. అచ్చులో నా మణికట్టు దాకా పడింది. దించమని ఎవరూ చెప్పలేదు, అందుకని ఆమె ఇంకా నిలబడే ఉంది. సిగ్గుపడాల్సిన వాళ్లలో ముందు నేనే అనిపిస్తుంది. అనిపించి, ముందుకు నడుస్తాను, దానికి ఐదేళ్ల శిక్షణ ఉంది.

మొదటి సంవత్సరానికి గది లేదు, బయట బెంచీ ఉంది. బెంచీ మీద చున్నీ భుజానికి పిన్ను పెట్టుకున్న పిల్ల, ఒళ్లో ఫైలు. పాలిటెక్నిక్‌లో బయోమెడికల్ డిప్లొమా చేసి జనగామ ఆస్పత్రిలో ఈసీజీ మిషన్లు బాగు చేసిన పిల్ల. ఒకరోజు బాగు చేసిన మిషను సరిగ్గా ఉందో లేదో చూడటానికి, పడుకుని ఉన్న ఒక గౌడన్న చేతికి తీగలు తగిలించింది. చెయ్యి లేపమంది. చెయ్యి లేవలేదు. కాగితం మీద గీత మాత్రం చీమ నడిచినట్టు కొద్దిగా వణికింది. ఆ వణుకు కోసం ఈసెట్ రాసి ఇంజనీరింగ్‌లో చేరింది, ఎంటెక్ చేసింది, ఇక్కడికి వచ్చింది. వస్తూ ఆ గౌడన్నకు, అంటే పరశురాములుకు, చెయ్యి లేపుతానని మాట ఇచ్చింది.

నన్ను చూసి బెంచీ మీద పక్కకు జరుగుతుంది.

"చెయ్యి లేసిందా?"

"నాలుగింటి వరకు టైముంది."

"గట్లనంటే లేవలేదన్నట్టే." నన్ను పై నుంచి కిందికి చూస్తుంది. "నువ్వేంది, గిట్ల మాట్లాడ్తున్నవు? రేడియో లెక్క."

"ఆ కాగితం ఇవ్వు. గైడ్‌కు రాసిన దరఖాస్తు."

ఇస్తుంది. మొదటి వాక్యంలోనే పేరు ఉంది, ఐదు ముక్కలుగా, నీలి సిరాతో. చదువుతాను. కళ్లకు ఐదు ముక్కలూ కనిపిస్తాయి. నోటికి "సార్" అని వస్తుంది.

ఆమె నవ్వదు. "పేరుది గాదు తప్పు. నీ నాలుకది. నాది తీస్కపో."

నాలుకలు మార్చుకోవడం కష్టమేమీ కాదు, రెండూ ఒకే సైజు. ఆమెది ఇంకా గరుకుగా ఉంది, ఉప్పు తగిలితే తెలుస్తుంది. నాది ఆమె నోట్లో పెట్టుకుని రుచి చూస్తుంది.

"సార్" అంటుంది. కళ్లు పెద్దవి చేసుకుని మళ్లీ అంటుంది. "సార్."

"అలవాటైతది" అంటాను. ఐదేళ్ల తరువాత నా నోట్లోంచి వచ్చిన మొదటి సొంత మాట ఇది, ఇంతకంటే మంచిది దొరకాల్సింది.

ఆడిటోరియం చేరేసరికి మూడూ ముప్ఫై ఎనిమిది. హాలు నిండుగా ఉంది. బాలస్వామి పరశురాములు మంచాన్ని చక్రాల మీద తోసుకొచ్చి నడవాలో పెట్టాడు, అడ్డంగా ఉందని ముగ్గురు గొణుగుతున్నారు. ముందు వరుసలో ఢిల్లీ కమిటీ. ముగ్గురికీ కలిపి ఒకే మెడ ఉంది, అది పైకీ కిందికీ మాత్రమే ఆడుతుంది.

వేదిక మీద సార్ ఉన్నాడు. అతని చెయ్యి ఆడిటోరియం కప్పును చీల్చుకుని పైకి పోయింది. మోచెయ్యి దాకా చర్మం ఉంది, అక్కడి నుంచి నల్లటి మాను, మాను చుట్టూ వరస వరసగా గాట్లు. తాటిచెట్టు. దాని మొదట్లో సూటు వేసుకుని, మైకు ముందు కూర్చుని, ముక్కు మీద ఈగతో సార్ దుంపలాగా మిగిలాడు.

"మిత్రులారా, ఇది మన చెయ్యి" అంటున్నాడు. చప్పట్లు.

"ఓ సారూ!" అని అరుస్తాను. "గది నీ చెయ్యే, గని అది లేపిన కోరిక నీది గాదు!"

హాలులో మిగతా నూట పదముగ్గురు సార్లూ లేచి నిలబడతారు. ఒక్కొక్కరూ పక్కవాడి వంక చూస్తారు.

"అందుకే జెప్పిన, పేరు వెట్టి పిలువున్రి" అంటాడు బాలస్వామి, పెన్ను మూత తీసి. "ఈడికెళ్లి గాదు, చప్పట్లల్ల ఇనవడది."

"కింద నుంచి పిల్వద్దు" అంటాడు పరశురాములు. "పిలిస్తే పిడికిలి తెరుసుకుంటది. అరవై అడుగుల మీదికెళ్లి పడితే కోరిక పగులుతది. నాకెర్కే, నేను పడ్డోన్నే గదా. మీదికెక్కి, డబ్బా కింద వట్టుకుని పిలువు."

"నాకు ఎక్కరాదు మామా."

"పొద్దందాక పండుకొని జెప్తనే ఉన్న, మోకు ఎట్ల కట్టాల్నో. ఇన్లేదా?"

విన్నాను. ఎనిమిది నెలలు విన్నాను. సూదులు సరిచేస్తూ వినేదాన్ని, అదంతా అక్కర్లేని చప్పుడని రికార్డింగ్‌లోంచి కడిగేసేదాన్ని. మోకు అంటే నడుమునూ చెట్టునూ కలిపి కట్టే తాడు. నా దగ్గర తాడు లేదు. ఐదేళ్ల ఐడీ కార్డుల పట్టీలు ఐదు ఉన్నాయి. ముడివేసి మాను చుట్టూ తిప్పి నడుముకు బిగిస్తాను. పరశురాములు మంచం మీద పెట్టి తెచ్చిన స్టీలు డబ్బా చున్నీలో కట్టుకుంటాను.

"కింద సూడకు" అంటాడు పరశురాములు. "చేతులను నమ్మకు, నడుమును నమ్ము. నేను ఆనాడు చేతులను నమ్మిన."

ఎక్కుతాను. మాను వెచ్చగా ఉంది, లోపల నాడి కొట్టుకుంటోంది, నిమిషానికి డెబ్బై రెండు. భయం లేని మనిషి నాడి. గాట్లలో అరికాలు పెట్టి, పట్టీ పైకి విసిరి, నడుము వాల్చి, మళ్లీ పైకి. కప్పు కన్నంలోంచి బయటపడేసరికి ఎండ మొహాన కొడుతుంది. మూడూ యాభై ఒకటి.

"కృపా" అని మైకులోంచి సార్ గొంతు పైకి వస్తుంది, చెమటలో కూడా తియ్యగా. "దిగమ్మా. సంతకం కుడిచేత్తోనే పెట్టాలని ఎక్కడుంది? ఎడమ చేత్తో పెడతాను. ఇప్పుడే. పెన్ను పట్టుకున్నాను చూడు."

చూడొద్దని తెలిసీ చూస్తాను. కన్నంలోంచి చిన్నగా కనిపిస్తాడు. ఒళ్లో నా థీసిస్ తెరిచి ఉంది, పెన్ను మూత పళ్లతో పీకాడు. నిబ్బు కాగితానికి ఆని ఉంది. ఇంకో అంగుళం కదిలితే నేను డాక్టర్ కృపావతిని. ఎనిమిదో నంబరును తీసుకొచ్చి, చీటీ మీద మొదట సార్ అని రాస్తాను.

నడుము వాల్చి ఇంకో గాటు ఎక్కుతాను.

పిడికిలి నా తలంత ఉంది. వేళ్ల సందుల్లో కోరిక వెలుగుతోంది, అంచుల్లో నురుగు మొదలైంది. ముక్కుకు పుల్లటి వాసన లీలగా తగులుతుంది. డబ్బా విప్పి, మూత తీసి, పిడికిలి కింద పెడతాను. మూడూ యాభై ఏడు.

అప్పుడు తల ఎత్తి నగరం చూస్తాను.

ప్రతి కాలేజీ కప్పులోంచీ, ప్రతి సంస్థ కప్పులోంచీ ఒక చెయ్యి పైకి లేచి ఉంది. కనుచూపు మేర తాటివనం. కొన్ని చేతులు ఎంత పాతవంటే వాటి మీద కాకులు గూళ్లు పెట్టాయి. ఒక్కో పిడికిలిలో ఏదో ఒకటి మినుకు మినుకుమంటోంది, చాలావాటిలో ఎప్పుడో ఆరిపోయింది. కింద జనం బారులు తీరి ఆశీర్వాదం తీసుకుంటున్నారు.

"ముందు ఇంకో పేరు రాస్కో బాలస్వామీ!" అని కిందికి అరుస్తాను. "డబ్బా మీద పరశురాములు పేరు రాయంది నేనే. సిలువేరు కృపావతి!"

"అది సాక్షి గడిల రాస్త! దొంగ గడి జెప్పున్రి!"

కాగితం అక్కర్లేదు. నాలుకకు అంతా గుర్తుంది.

"పెనుమళ్ళ" అంటాను.

చిటికెన వేలు విచ్చుకుంటుంది. కింద నూట పద్నాలుగు మందిలో నూట పదముగ్గురు ఊపిరి వదిలి కూర్చుంటారు.

"వేంకట."

ఉంగరం వేలు. ఉంగరం ఊడి కప్పు కన్నంలోంచి జారుతుంది. కుక్క తన సబ్జెక్టు కాని వాసన మొదటిసారి పట్టి, సిగ్గు లేకుండా మొరుగుతుంది.

"సత్య."

మధ్య వేలు. కింద సార్ పెదవులు వాటంతటవే విడిపోతాయి, బడిలో హాజరు పలికే పిల్లవాడిలా. ఎడమ చేత్తో నోరు మూసుకుంటాడు. పెన్ను పడిపోతుంది. ఈగ అతని ముక్కు వదిలి లేస్తుంది.

"ఘనశ్యామ."

చూపుడు వేలు. ఈగ నడవా దాటి, మంచం మీద ఒక చుట్టు తిరిగి, పరశురాములు ముక్కు మీద వాలుతుంది. ఐడీ కార్డు సర్దుకుని ముందు కాళ్లు రెండూ రుద్దుకుంటూ ఎదురుచూస్తుంది. దుప్పటి మీద పరశురాములు కుడిచేతి చిటికెన వేలు చీమ నడిచినట్టు వణుకుతుంది.

బొటనవేలు ఒక్కటి మిగిలింది. కోరిక సగం బయటికి వచ్చి డబ్బా అంచు మీద ఊగుతోంది. నగరం మీది పిడికిళ్లన్నీ మాన్లతో సహా మెల్లగా నా వైపు వంగుతున్నాయి, చెవులు లేకపోయినా వినడానికి.

"ఆగున్రి మేడమ్!" అంటాడు బాలస్వామి కింది నుంచి. "ముక్కలు ముక్కలు జెప్తే గడిల పట్టదు. ఒక్కతాన, గట్టిగ జెప్పున్రి. ఎవలు?"

నడుమును పట్టీల మీదికి వాల్చి, రెండు చేతులతో డబ్బా పట్టుకుని, ఆ చేతుల అడవి మొత్తానికీ వినపడేలా అంటాను.

"పెనుమళ్ళ వేంకట సత్య ఘనశ్యామ మూర్తి!"